పెద్ద కాగితం, లోపలి చీటీ

మార్చి 4

వదినా,

జవాబు ఆలస్యమైందని మొహం ముడుచుకునే ఉంటావు. ముందు అది సరిచేసుకుని చదువు. ఎలాగూ అన్నయ్య దీన్ని అన్నాల దగ్గర అందరికీ పైకి చదువుతాడు. అన్నయ్యా, దయచేసి వార్తలు చదివినట్టు చదవకు. కామాల దగ్గర కాస్త ఆగు.

మా యూనియన్ ఆఫీసు మూడో అంతస్తులోంచి మొదటి అంతస్తుకి దిగింది. మెట్లెక్కలేక సభ్యులు రావడం మానేశారట. నాకిప్పుడు కిటికీ పక్క బల్ల దొరికింది. కిటికీ అనగానే ఏదేదో ఊహించుకోకు. ఎదురుగా గోడ, గోడమీద నీటి పైపు, పైపు మీద ఒక పావురం. అది రోజంతా నన్నే చూస్తుంది. ఈవిడ ఏం రాస్తోందో, ఎవరికి పనికొస్తుందో అన్నట్టు.

అసలు సంగతికొస్తా. పోయినసారి సమ్మె ఏమైందో నీకు నేను చెప్పక్కర్లేదు. పదకొండు రోజులు గేటు ముందు ఎండలో కూర్చుంది నువ్వు. నేనిక్కడ ఫ్యాను కింద కరపత్రాలు రాశాను. ఈసారి కార్యదర్శి గారు దారి మార్చారు. అందరికీ కూలి పెంచండి అని అడిగితే యజమానులందరూ ఒక్కటై కాదంటున్నారు కాబట్టి, ఒక్క మెట్టు మాత్రమే అడుగుదాం అంటున్నారు. కనీస వేతనాల జాబితాలో ఆసుపత్రి బట్టలుతికే లాండ్రీల వాళ్ళందరినీ 'అన్‌స్కిల్డ్' గడిలో పడేశారు. అంటే ఎవరొచ్చినా మర్నాటికల్లా చేసేయగల పని అని. అక్కణ్ణుంచి పై గడిలోకి, సెమీ స్కిల్డ్‌లోకి మారిస్తే చాలు, కనీస వేతనం దానంతటదే పెరుగుతుంది. మీరు ఎక్కితే ఆ వెనక ఆసుపత్రి వంటశాలవాళ్ళు, ఆ వెనక వార్డులు తుడిచేవాళ్ళు. ఒకరి భుజం పట్టుకుని ఒకరు.

కనీస వేతనాల బోర్డుకి చూపించాల్సింది ఒక్కటే: మీ పనికి పనితనం కావాలని. నా దగ్గర పట్టికలు చాలా ఉన్నాయి, వాటిల్లో మీ పని కనబడదు. ఇన్నేళ్ళు చదివీ, తడి దుప్పటిని రోలరులోకి ఎలా ఎక్కిస్తారో నాలుగు వాక్యాలు రాయలేకపోతున్నాను. నువ్వు రాయి. పొద్దున్న గేటు దాటిన దగ్గర్నుంచి మళ్ళీ దాటేదాకా. ఫోన్లో చెప్పొచ్చుగా అంటావేమో. ఫోన్లో నేను వినను, మాట్లాడతాను. ఇది నీ మాటే.

నీ మరదలు

లోపలి చీటీ:

వదినా, మన పద్ధతి మర్చిపోలేదుగా? నేను హాస్టల్లో ఉన్నప్పుడు నాన్న ఉత్తరాలన్నీ పైకి చదివించేవాడని, కొత్త కోడలివి నువ్వు కనిపెట్టిన పద్ధతి. పెద్ద కాగితం అందరికీ, మడతలో చీటీ మనిద్దరికీ. నాకిప్పటికీ నీ కవరు చింపగానే చెయ్యి ముందు చీటీ కోసమే వెళ్తుంది. ఈసారి చీటీలో చెప్పేదొక్కటే. ఈ పని కూడా పోయినసారిలాగే నీరుగారిపోతే, నేనిక్కడ ఎందుకున్నానో నాకే తెలియడం లేదు.

మార్చి 19

మరదలు పిల్లకి,

మీ అన్నయ్య నీ ఉత్తరం చదివి, కామాల దగ్గర ఎంతసేపు ఆగాడంటే అన్నం చల్లారిపోయింది. ఇంకెప్పుడూ చెప్పకు అలాంటివి.

నా పని గురించి రాయమన్నావు. నవ్వొచ్చింది. పాతికేళ్ళుగా చేస్తున్న పని గురించి ఇంట్లోవాళ్ళు అడగడం ఇదే మొదలు. సరే విను.

గేటు దగ్గర ఫోన్లు పెట్టెలో వేయాలి. తర్వాత తలగుడ్డ, చేతులకి తొడుగులు. వార్డుల నుంచి మూటలొస్తాయి. మూట విప్పడం తమాషా కాదు. లోపల సూదులుంటాయి, కత్తెరలుంటాయి, ఒకసారి ఎవరిదో పళ్ళసెట్టు. తొడుగేసుకుంటే సూది తెలీదు, తీసేస్తే గుచ్చుకుంటుంది. మా దగ్గర ఒకావిడుంది, అందరం సూదులమ్మ అంటాం. తొడుగు లేకుండా మూటమీద అరచెయ్యి ఇలా ఆనించి, 'అదిగో, మూడో మడతలో' అంటుంది. తీసి చూస్తే ఉంటుంది. నాకు పని నేర్పింది ఆవిడే. మొదటివారం నా చేతులు రెండూ కాలితే, 'ఏమే, దుప్పటి ఎక్కించమంటే నువ్వెక్కుతున్నావేంటి' అని తిట్టి, మందు రాసింది.

మధ్యాహ్నం నుంచి రోలరు. అది నిలువెత్తు ఇనప పీపా, లోపల ఆవిరి. ఇటు ఇద్దరం చెరో మూలా పట్టుకుని తడి దుప్పటి ఎక్కించాలి. రెండు మూలలూ ఒక్క క్షణంలో అందాలి. ఒకటి ముందు పోయిందా, దుప్పటి మెలిపడి లోపల చుట్టుకుంటుంది, మిషను ఆపాలి, సూపర్‌వైజరు నోరు తెరుస్తాడు. అది మూసుకోవడానికి మిషను చల్లారినంతసేపు పడుతుంది.

నాకు జత సూదులమ్మే. ఇప్పుడావిడకి చూపు బాగా తగ్గింది. అయినా మా మిషను మీద ఒక్క దుప్పటీ మెలిపడదు. ఎలాగంటావా? మూల అందే ముందు నేను బల్లమీద రెండుసార్లు కొడతాను, టక్ టక్. రెండో టక్‌కి ఆవిడ వదులుతుంది. మా సూదులమ్మకి కళ్ళక్కర్లేదు, నా వేళ్ళ చప్పుడు చాలు. అవతల పక్క మడత పెట్టేవాళ్ళూ ఆ చప్పుడు బట్టే చేతులు చాపుతారు. కొత్తవాళ్ళకి ఈ తాళం పట్టుబడటానికి రెండేళ్ళు. ఇదమ్మా పనితనం అంటే, రాసుకో.

ఆవిడకింకా రెండేళ్ళుంది. అది దాటితే పింఛను. ఈలోపు నా వేళ్ళు అరిగిపోకుండా ఉంటే చాలు.

మీ కార్యదర్శి, ఆ మైకాయన, బాగున్నాడా? సమ్మెలో ఆయన గొంతు విని మా గేటు కాపలావాడికి చెవిపోటొచ్చింది.

నీ వదిన

లోపలి చీటీ:

కుడి భుజం పైకి లేవడం లేదే. మీ అన్నయ్యకి చెప్పలేదు, చెప్తే మానెయ్యమంటాడు. నువ్వూ చెప్పకు.

ఏప్రిల్ 22

వదినా,

ముందు ఒక మాట. నిన్న బోర్డు వాయిదాలో నీ ఉత్తరంలోంచి కొంత చదివాను. పేరు లేదు, లాండ్రీ ఏదో లేదు, 'ఒక శ్రామికురాలి లేఖ' అని మాత్రమే.

ఆ గది చెప్తాను. పొడుగాటి బల్ల, ఒక పక్క మేము, ఒక పక్క యజమానుల సంఘంవాళ్ళు, తలదగ్గర ముగ్గురు సభ్యులు. వాళ్ళలో ఒకాయన పొద్దుటి నుంచీ కళ్ళద్దాలు తుడుచుకుంటూనే ఉన్నాడు. నేను పట్టికలు చదువుతున్నంతసేపూ గదిలో దగ్గులు, కుర్చీల చప్పుళ్ళు. నీ ఉత్తరం మొదలుపెట్టగానే ఒక్కొక్కటే ఆగిపోయాయి. పళ్ళసెట్టు దగ్గర అందరూ నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు. కళ్ళద్దాలాయన వాటిని పెట్టుకుని, 'ఆ కాగితం ప్రతులు అందరికీ ఇవ్వండి' అన్నాడు. అవతలి వకీలు కూడా ఏదో రాసుకున్నాడు. కార్యదర్శి గారు బయటికొచ్చాక నా భుజం తట్టారు. పదేళ్ళలో మొదటిసారి.

నేను చదివిన చదువంతటికంటే నీ రెండు పేజీలు బరువు తూగాయి. సంతోషంగానే ఉంది. కాస్త సిగ్గుగా కూడా ఉంది.

నీ మరదలు

లోపలి చీటీ:

భుజం డాక్టరుకి చూపించు. అన్నయ్యకి చెప్పను, ఒట్టు. నీ చీటీల్లోది ఈరోజుదాకా ఏదీ బయటికి పోలేదు కదా.

మే 6

మరదలికి,

నీ ఉత్తరం చూసి మీ అన్నయ్య ఒకటే పొంగిపోయాడు. 'మా ఆవిడ రాసింది పెద్దవాళ్ళ ముందు చదివారు' అని పక్కింటివాళ్ళకి చెప్పొచ్చాడు. దుప్పట్లెక్కించడం కూడా ఇంత గొప్పేంటా అని వాళ్ళు తలలూపారు పాపం.

ఇక్కడ మాత్రం గాలి బాగాలేదు. పదిరోజుల క్రితం సూపర్‌వైజరు ఏదో కాగితం జేబులో పెట్టుకుని మా మిషను దగ్గరికొచ్చి నిలబడ్డాడు. ఎప్పుడూ నిలబడడు, వేడి కదా. నేను అలవాటుగా టక్ టక్ అన్నాను. నా వేళ్ళకేసి చూశాడు, సూదులమ్మ మొహంకేసి చూశాడు, వెళ్ళిపోయాడు. ఆయనకి తెలీదని కాదు. ఆవిడ చూపు సంగతి ఆయనకి ఎప్పుడో తెలుసు. పని నడుస్తోంది కదా అని చూసీ చూడనట్టు ఊరుకునేవాడు. ఇప్పుడు చూసేశాడు. మర్నాడు ఆఫీసులోకి పిలిచి ఆవిణ్ణి అడిగారట, 'నీకెన్ని వేళ్ళు కనబడుతున్నాయి' అని. 'నీవా, నావా?' అందట. ఆవిడ అంతే. కానీ బయటికొచ్చాక మిషను దాకా నా చెయ్యి వదల్లేదు.

పైకి ఎవరు మోసుంటారో నాకు తెలుసు. మూటలు కట్టే ఆవిడ. సూదులమ్మ చోటు మీద దానికి ఎప్పటినుంచో కన్ను. మేమెవరం దాంతో మాట్లాడటం లేదు. నీళ్ళ కుండ దగ్గరికొస్తే అందరం లేచిపోతున్నాం. మొన్న నేనే మొహమ్మీద అడిగేశాను, 'చెప్పినందుకు నీ నోట్లో ఏం పోశారే?' అని. ఏడ్చింది. ఏడవనీ.

మీ బోర్డువాళ్ళు తొందరగా ఏదో ఒకటి తేలిస్తే బావుండు. ఆ ఉత్తర్వు వస్తే సూపర్‌వైజరు కాస్త తగ్గుతాడని అందరం కాచుకుని ఉన్నాం.

నీ వదిన

లోపలి చీటీ:

భుజానికి కాపడం పెడుతున్నా. సూదులమ్మ కోసం మీ యూనియన్ ఏమైనా చేయగలదా? నిన్నెప్పుడూ ఏదీ అడగలేదు.

మే 20

వదినా,

గెలిచాం. నిన్న ఉత్తర్వు వచ్చింది. ఆసుపత్రి లాండ్రీ పని ఇక సెమీ స్కిల్డ్. ఒక్క మెట్టు. వచ్చే నెల నుంచే కొత్త రేటు. ఆఫీసులో ఒకరినొకరు కౌగిలించుకున్నారు. కార్యదర్శి గారు మైకు లేకుండానే మాట్లాడారు, కింది వీధిలోకి వినిపించింది.

ఒక షరతు ఉంది. ఆఖరి వాయిదాలో అవతలి వకీలు మా మాట కాదనలేదు. ఔనన్నాడు. 'ఈ లేఖ చదివాక నేనూ ఒప్పుకుంటున్నాను, ఇది నైపుణ్యమే. నైపుణ్యమైతే మరి పరీక్షించాలి కదా' అన్నాడు. మెత్తగా, మర్యాదగా. పై గడిలోకి వెళ్ళేవాళ్ళందరికీ ఒకసారి ఆరోగ్య పరీక్ష, పని పరీక్ష ఉండాలని ఉత్తర్వులో చేర్చారు. నేను అభ్యంతరం చెప్పబోతే కార్యదర్శి గారు బల్ల కింద నా కాలు తొక్కారు. వందమందిలో తొంభై ఏడుమంది గట్టెక్కుతారు, దీనికోసం అంతా పోగొట్టుకుంటామా అన్నారు తర్వాత. ఆ లెక్కలో తప్పు నేను పట్టుకోలేకపోయాను. ఇప్పటికీ పట్టుకోలేకపోతున్నాను.

నీ మరదలు

లోపలి చీటీ:

మూటలు కట్టే ఆవిడని ఏమీ అనకు వదినా. ఆవిడ కాకపోవచ్చు. మిగతాది తర్వాత రాస్తాను.

జూన్ 11

మరదలికి,

పరీక్ష అయిపోయింది.

డాక్టరు గోడకి అక్షరాల అట్ట తగిలించాడు. సూదులమ్మ నన్ను ముందే అడిగింది, పై వరసలో ఏముంటాయే అని. నేను ముందురోజు చూసొచ్చి చెప్పాను. కంఠతా పట్టింది. డాక్టరు అట్ట మార్చాడు.

అది పోనీ. పని పరీక్షలో చూపిద్దువుగాని అన్నాను. మిషను దగ్గర నన్ను పక్కకి తప్పుకోమన్నారు. ఆవిడకి జతగా ఎవరో కొత్తమనిషిని నిలబెట్టారు. నేను గోడ దగ్గర్నుంచే బల్ల కొట్టబోయాను. 'చప్పుళ్ళు చేయకూడదు' అన్నాడు సూపర్‌వైజరు. మొదటి దుప్పటి మెలిపడింది. రెండోదీ పడింది. మూడోదానికి ఆవిడే చెయ్యి వెనక్కి తీసుకుని, తలగుడ్డ విప్పి మడతపెట్టి బల్లమీద పెట్టింది. ఆ మడత చూడాల్సింది నువ్వు. అంచుకి అంచు, వెంట్రుకవాసి తేడా లేదు.

పాత గడిలోనైనా ఉంచండయ్యా, మూటలు విప్పుకుంటుంది అని అడిగాం. ఆ గడే లేదమ్మా ఇప్పుడు, మీరేగా తీసేయించారు అన్నాడు సూపర్‌వైజరు.

అప్పుడు జేబులోంచి ఆ కాగితం తీసి మా అందరికీ చదివాడు. 'మా సూదులమ్మకి కళ్ళక్కర్లేదు, నా వేళ్ళ చప్పుడు చాలు.' అచ్చు వేసిన కాగితం. పేరు మాత్రం లేదు. నిజమే, పేరు చెరిపావు. ఊళ్ళో ఇంకెన్ని లాండ్రీల్లో సూదులమ్మలున్నారనుకున్నావు?

అందరూ నాకేసి చూశారు. సూదులమ్మ మాత్రం చూడలేదు, ఆవిడకెలాగూ కనబడదు. 'బాగా రాశావే' అంది. అంతే అంది.

మూటలు కట్టే ఆవిడ దగ్గరికి వెళ్ళాను. నెల రోజులు దాని చేతి నీళ్ళు తాగలేదు మేము. దాని మూట రెండో కొస పట్టుకుని నిలబడితే, 'నేనే చెప్పుంటే నాకు ఆవిడ చోటైనా మిగిలేది కదక్కా' అని, మూట ముడి వేసుకుంటూ ఉండిపోయింది.

నీకు ఒక్కటే ప్రశ్న. ఆ లైను నువ్వు చదివినప్పుడు ఆగావా, ఆగలేదా? మీ అన్నయ్యని ఆగమని చెప్పినదానివి కదా.

వదిన

జూన్ 25

వదినా,

ఈ ఉత్తరం అన్నయ్య పైకి చదవనీ, అందరూ విననీ.

నువ్వది పెద్ద కాగితం మీద రాశావు. నీకు దాచుకోవాల్సింది దాచుకున్నావు, సూదులమ్మ చూపు అందరి ముందూ పెట్టావు. మన పద్ధతి ప్రకారం పెద్ద కాగితం మీదున్నది ఎవరికైనా చదవొచ్చు. అలాగే అనుకున్నాను. 'అందరూ' అంటే నీకు అన్నాల దగ్గర కూర్చున్నవాళ్ళు. నాకు ఆ 'అందరూ' ఎక్కడిదాకా వెళ్తారో ఆలోచన లేకపోయింది.

ఆవిడ తరఫున అప్పీలు రాశాను. ఆవిణ్ణి కూర్చుని చేసే పనిలో పెట్టుకోవాలని అడిగాను. అప్పీలుకి ఆర్నెల్లు పడుతుందంటున్నారు. కార్యదర్శి గారికి చెప్తే తల పట్టుకున్నారు. నిజంగానే బాధపడ్డారు, మనిషి చెడ్డవాడు కాదు. కాసేపటికి తల ఎత్తి, వంటశాలవాళ్ళ వాయిదా దగ్గరికొచ్చింది, మీ వదినకి అక్కడెవరైనా తెలుసేమో, అలాంటి ఉత్తరం ఇంకొకటి రాయించగలదా అన్నారు. అడుగుతానని చెప్పాను. అందుకని అడుగుతున్నాను. కాదనలేని అలవాటు నాది.

నీ మరదలు

లోపలి చీటీ:

ఆగాను.

కాగితం టైపు చేస్తూ ఆ లైను దగ్గర ఆగాను. ఇది అవతలివాళ్ళ చేతిలో పడితే ఏమవుతుందో నాకు తెలిసింది. అంత తెలియకపోవడానికి నేనేమీ చిన్నపిల్లని కాదు. లైను కొట్టేశాను. కొట్టేసి మొత్తం మళ్ళీ చదివితే, ఉత్తరం చచ్చిపోయింది. మిగిలిందంతా ఎవరైనా రాయగలిగేదే. ఒక మధ్యాహ్నమంతా కూర్చున్నాను. పావురం చూస్తూనే ఉంది. వందలమంది ఒకవైపు, ఒక్కావిడ ఒకవైపు అని నాకు నేను చెప్పుకున్నాను. పేరు లేదుగా అని కూడా చెప్పుకున్నాను. పెద్ద కాగితం మీదే రాసిందిగా అనేది ఆఖర్న దొరికింది. అది దొరికాక తేలికైపోయింది, లైను మళ్ళీ పెట్టేశాను.

తప్పు చేశానా అని నన్ను నేను ఇంకా అడుగుతూనే ఉన్నాను చూశావా, అదే నా జబ్బు. గెలవకపోయి ఉంటే అడగక్కర్లేకపోయేది.

ఆగస్టు 2

మరదలికి,

ఈ కవర్లో చీటీ లేదు. వెతుక్కోకు.

కొత్త రేటు వచ్చింది. ఇది నీకు చెప్పాలి, నీ కష్టం. మా షెడ్డులో అందరికీ సర్టిఫికెట్లిచ్చారు. మీ అన్నయ్య నాది చదివాడు, తెలుగులో అర్ధ నైపుణ్యం అని రాసుందట. మిగతా సగం ఎవరిదో నాకు తెలుసు. ఆ సగం ఇప్పుడు ఇంట్లో కూర్చుని చిరిగిన దిండుగలీబులు కుడుతోంది. దారం నేను ఎక్కించిపెట్టి వస్తాను. ఆదివారం ఆదివారం మూటలు కట్టే ఆవిడ కూడా వస్తోంది. ముగ్గురం కూర్చుని కుట్టిన గలీబులు మడతపెడతాం. నువ్వెలా ఉన్నావని సూదులమ్మ అడుగుతుంది. బాగుంది అంటాను.

నీ చీటీ చదివాను. చింపేశాను. అది నీ బరువు నువ్వు దించుకోవడానికి రాసుకున్నది, నాకు రాసింది కాదు. నువ్వు చెడ్డదానివని నేను అనను. ఆగావన్నావు చూడు, ఆగకుండా ఉంటే బావుండేది. తెలీక చేసిందిలే అని కొన్నాళ్ళకైనా అనుకునేదాన్ని.

వంటశాలవాళ్ళు నాకు తెలుసు. వాళ్ళు ఎలా వండుతారో, ఎవరు ఎవరి పని మోస్తున్నారో అదీ తెలుసు. రాయను. మీ మైకాయనకి చెప్పు, ఆయన్నే వచ్చి ఒక పూట గరిటె పట్టుకోమను.

నా పని గురించి మాత్రం ఇంకొక్కటి రాస్తాను, కావాలంటే బోర్డు వాళ్ళకి చదువు. ఇప్పుడు నాకు జత కొత్తపిల్ల. కళ్ళు బాగా కనబడతాయి, అట్టలో ఆఖరి వరస దాకా చదివిందట. చురుకైన పిల్ల, తప్పు దానిది కాదు. కానీ మూల అందే ముందు నా వేళ్ళు వాటంతటవే బల్లమీద పడుతున్నాయి, టక్ టక్. ఎంత బిగబట్టినా ఆగడం లేదు. మొన్న ఆ పిల్ల అడిగింది, 'ఎవర్ని పిలుస్తున్నావు పిన్నీ?' అని.

దుప్పటి మెలిపడింది. మిషను ఆపాల్సొచ్చింది.

వదిన